మా ఇంటికి మంచు తోసే బండి వచ్చిన కథ

కిందటి వారం మా పిన్ని కూతురు ఫోన్ చేసి, "అక్కా, నువ్వు ట్రాక్టర్ నడుపుతున్నావటగా!" అంది. మా అబ్బాయి తీసిన వీడియో ఎన్ని చేతులు మారి ఎక్కడికి చేరిందో గానీ, మా ఊళ్ళో ఇప్పుడు నేను అమెరికాలో ట్రాక్టర్ డ్రైవర్నట. అది ట్రాక్టర్ కాదే తల్లీ, ఏటీవీ అంటారు, నాలుగు లావుపాటి చక్రాల మోటార్ సైకిల్ లాంటిది, ముందు ఇనప బ్లేడు కట్టుకుని వాకిట్లో మంచు తోసుకుంటాం అని చెప్పాను. "ఏదైతేనేం, సైకిలు తొక్కడం కూడా రానిదానివి కదే నువ్వు!" అని పడీపడీ నవ్వింది.

నవ్వినా నిజమే. నాకు సైకిలు రాదు. డిగ్రీలో ఉండగా మా అన్నయ్య నేర్పబోతే మా వీధి మలుపులో ఉన్న గేదె మీద పడ్డాను. ఆ తర్వాత మళ్ళీ ముట్టుకోలేదు. కారు కూడా ఇక్కడికొచ్చిన ఏడేళ్ళకు గానీ నేర్చుకోలేదు. అలాంటిదాన్ని ఏటీవీ కొనడం గురించి రాస్తున్నానంటే నాకే వింతగా ఉంది. కానీ చలిదేశాల్లో ఉంటున్న మన ఆడవాళ్ళు కొందరు ఈ మధ్య అడుగుతున్నారు, ఏది కొన్నారు, ఎలా ఎంచుకున్నారు అని. ఒకరికి చెప్పి ఒకరికి చెప్పకపోవడం ఎందుకని మొత్తం ఇక్కడే రాసేస్తున్నా.

మేముండేది న్యూయార్క్ రాష్ట్రం. ఆ పేరు వినగానే అందరూ ఆకాశాన్నంటే మేడలే అనుకుంటారు. మేమున్నది దానికి రెండో చివర, బఫెలో ఊరికి దక్షిణంగా. పక్కనే ఈరీ సరస్సు. పేరుకి సరస్సే గానీ, ఒడ్డున నిలబడితే సూర్యలంక సముద్రంలాగే ఉంటుంది. నవంబరు వచ్చేసరికి పైనుంచి వీచే గాలి చల్లబడిపోతుంది, సరస్సులో నీళ్ళు మాత్రం ఇంకా వేసవి వెచ్చదనం మీదే ఉంటాయి. ఆ గాలి నీళ్ళ మీదుగా వస్తూ తేమంతా పీల్చుకుని, ఒడ్డు దాటగానే మా నెత్తిన కుమ్మరిస్తుంది. అదీ అంతటా కాదు, ఒక పట్టీలాగా. ఆ పట్టీ కింద ఉన్నవాళ్ళకి కన్ను పొడుచుకున్నా కనపడదు. పది మైళ్ళ అవతల ఎండ కాస్తూ ఉంటుంది. బఫెలోలో సగటున ఏడాదికి 95 అంగుళాల దాకా కురుస్తుంది. మా వైపు కొన్ని చోట్ల అంతకంటే ఎక్కువే.

మన తెలుగులో పొద్దున్నే కమ్ముకునే పొగనీ, గడ్డిపరక మీది బొట్టునీ, హిమాలయాల మీదున్నదాన్నీ అన్నిటినీ మంచు అనే అంటాం. బి.ఏ.లో హిమం, తుషారం, నీహారం అని పర్యాయపదాలు వరసగా అప్పజెప్పేదాన్ని. పార పట్టుకున్నాక అర్థమైంది, అన్నీ ఒకటి కావు. జనవరి చలిలో పడేది పిండిలా తేలిగ్గా ఉంటుంది, ఊదితే ఎగురుతుంది. నవంబరులోనూ మార్చిలోనూ పడేది తడి మంచు. ఇడ్లీపిండి బకెట్టు ఎత్తినట్టు ఉంటుంది ఒక్కో పార. నడుములు విరిచేది అదే.

ఆరేళ్ళ కిందట ఈ ఇల్లు కొన్నాం. వేసవిలో చూశాం కదా, రెండెకరాల పచ్చిక, వెనకాల ఆపిల్ చెట్లు, గోంగూరకీ బీరపాదుకీ బోలెడంత చోటు. రోడ్డు మీద నుంచి ఇంటి దాకా పొడుగాటి కంకర దారి. 220 అడుగులు. "భలే ఉందండీ, సినిమాల్లో జమీందారు ఇంటిలా" అని మురిసిపోయింది నేనే. ఆ దారంతా చలికాలంలో ఎవరు ఊడుస్తారన్న ఆలోచన మా ఇద్దరిలో ఒక్కరికీ రాలేదు.

మొదటి రెండేళ్ళూ పార, చేత్తో తోసే చిన్న స్నో బ్లోయరుతో నెట్టుకొచ్చాం. తర్వాత సీజనుకి ఇంత అని డబ్బు కట్టి, ట్రక్కుకి బ్లేడు కట్టుకొచ్చి తోసే మనిషిని పెట్టుకున్నాం. మామూలు రోజుల్లో బాగానే వచ్చేవాడు. 2022 నవంబరులో తుపాను వచ్చింది. మా దగ్గర్లోని ఆర్చర్డ్ పార్క్, హాంబర్గ్ ఊళ్ళల్లో 80 అంగుళాల దాకా పడింది. అంటే మనిషి నిలువు మించి. అప్పుడు ఆ మనిషి మూడో రోజు దాకా రాలేకపోయాడు. అతని తప్పనను, అతని ఇంటి ముందూ అంతే ఉంది. కానీ ఆ మూడు రోజులూ తలుపు తీస్తే తెల్లటి గోడ. నేను పచ్చళ్ళ జాడీలు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను.

అసలు సంగతి ఆ తర్వాత వచ్చిన ఫిబ్రవరిలో. ఆదివారం పొద్దున. రాత్రంతా తడి మంచు పడింది, అడుగు పైనే. మా వారు పార తీసుకుని వెళ్ళారు. నేను ఉప్మాలోకి ఉల్లిపాయలు తరుగుతున్నాను. ఎందుకో కిటికీలోంచి చూస్తే, మనిషి పార మీద రెండు చేతులూ ఆనించి వంగి నిలబడి ఉన్నారు. అలిసిపోయారేమో అనుకున్నా. ఉల్లిపాయ ఇంకొకటి తరిగాను కూడా. మళ్ళీ చూస్తే అలాగే ఉన్నారు. ఆ ఒక్క ఉల్లిపాయ తరిగినంత సేపూ నాకు ఇప్పటికీ నిద్రలో గుర్తొస్తుంది.

అంబులెన్సుకి ఫోన్ చేశాం. వస్తున్నామన్నారు. రోడ్డు దాకా వస్తారు సరే, ఆ రోడ్డు నుంచి ఇంటికి 220 అడుగులు మోకాలి లోతు మంచు. మా అబ్బాయి పార అందుకుని ఏడుస్తూ తవ్వడం మొదలుపెట్టాడు. నేను ఎదురింటి పెద్దాయనకి ఫోన్ చేశాను. డెబ్భై దాటినాయన, ఒకప్పుడు పాడి పశువుల వ్యాపారం. ఏం చెప్పానో కూడా గుర్తులేదు. ఆయన ఒక పాత ఎర్ర ఏటీవీ వేసుకుని వచ్చాడు. ముందుకీ వెనక్కీ, ముందుకీ వెనక్కీ. పావుగంటలో దారి తెరిచేశాడు. అంబులెన్సు వాళ్ళు గుమ్మం ముందు దిగారు.

రెండు స్టెంట్లు వేశారు. దేవుడి దయ వల్ల మనిషి ఇంటికొచ్చారు. డాక్టరమ్మ చెప్పిందేమిటంటే, చలికి రక్తనాళాలు బిగుసుకుంటాయి, బీపీ పెరుగుతుంది. అలాంటప్పుడు అలవాటు లేని ఒంటితో, ఊపిరి బిగబట్టి బరువు చేతులతో ఎత్తితే గుండె మీద ఒక్కసారే భారం పడుతుంది. "ఇకమీదట పార ముట్టుకోకూడదు" అని ఆయనకి కాదు, నాకేసి చూసి చెప్పింది. ఈ దేశంలో ఉన్న మన నలభై, యాభై ఏళ్ళ మగవాళ్ళ భార్యలందరూ ఈ మాట ఒకసారి చదివి వినిపించండి. ఏసీ గదిలో రోజుకి పది గంటలు కూర్చునే మనిషి పొద్దున్నే లేచి ఏకబిగిన పార పడితే అది వ్యాయామం కాదు.

ఆ వేసవంతా మా ఇంట్లో ఒకటే చర్చ. ఏం కొనాలి? ట్రక్కు కొని బ్లేడు కట్టించుకుంటే మహారాజులా ఉంటుంది, కానీ ఖర్చూ మహారాజుదే. పెద్ద స్నో బ్లోయరు బాగానే పనిచేస్తుంది. కాకపోతే ఆ దూరమంతా దాని వెనకాల నడవాలి, పైగా మాది కంకర దారి. రాళ్ళు లోపలికి లాక్కుని విసురుతుంది. చివరికి పెద్దాయన ఎర్రబండి లాంటిదే మేలని తేలింది. ఏటీవీ అయితే వేసవిలో కూడా పనికొస్తుంది. మట్టి, ఎరువు, ఎండుకొమ్మలు వెనకాల చిన్న తొట్టి కట్టి లాక్కోవచ్చు.

ఇక ఏ ఏటీవీ అన్నది. మా వారు సాఫ్ట్‌వేర్ కదా, వెంటనే ఒక ఎక్సెల్ షీటు తయారైంది. ఎన్ని సీసీలు, ఎంత హార్స్ పవరు, ఎన్ని పౌన్లు లాగుతుంది. ఆయన మనసు 850 సీసీ మీదా, అప్పుడప్పుడూ 1000 మీదా. "కొనేదేదో పెద్దదే కొంటే దిగులుండదు" అంటారు. మా పదిహేనేళ్ళ వాడు గంటకి ఎన్ని మైళ్ళు పోతుందన్న కాలమ్ ఒకటి చేర్చాడు. మంచు తోసేది నడిచేంత వేగంతోనే అని చెప్పినా వినడు. నేను కాఫీలు అందిస్తూ ఉన్నాను.

ఒక సాయంత్రం ఎదురింటి పెద్దాయన వస్తే ఆ షీటు ఆయనకి చూపించారు. ఆయన కళ్ళజోడు పెట్టుకుని ఓపిగ్గా అంతా చూసి, "ఇందులో ఒక గడి లేదే. నడిపేది ఎవరు?" అన్నాడు.

ఇద్దరూ నోరు మెదపలేదు. మా వారు వారానికి నాలుగు రోజులు ఆఫీసుకి పోవాలి. పైగా అప్పటికి డాక్టరమ్మ దేనికీ పూర్తిగా ఒప్పుకోలేదు. అబ్బాయి ఏడింటికల్లా స్కూలు బస్సు ఎక్కుతాడు. సరస్సు మంచు మన తీరిక చూసుకుని పడదు. పడుతూ ఉంటే ఆరంగుళాలకోసారి తీయాలి, అంతా అయ్యాక తీద్దామని కూర్చుంటే ఏటీవీ వల్ల కాదు. అంటే బుధవారం పగలు పదకొండు గంటలప్పుడు ఇంట్లో ఎవరుంటారో వాళ్ళే నడపాలి. ముగ్గురూ నావైపు తిరిగారు. నా చేతిలో కాఫీ ట్రే ఉంది.

"నా వల్ల కాదు బాబోయ్" అన్నాను వెంటనే. రాత్రి నాన్నకి వీడియో కాల్ చేసి నవ్వుతూ చెప్పాను, నన్ను బండి తోలమంటున్నారు నాన్నా అని. మాది నరసరావుపేట దగ్గర పల్లె. నల్లరేగడి నేల, పత్తి, మిరప. నా చిన్నప్పుడు ఇంకా ఎడ్లుండేవి. నాన్నకి ఎడ్లు కొనడంలో మంచి పేరు, చుట్టుపక్కల వాళ్ళు సంతకి ఆయన్ని వెంటబెట్టుకుని పోయేవాళ్ళు. పళ్ళు చూసేవారు, గిట్టలు చూసేవారు, సుళ్ళు చూసేవారు, నడిపించి చూసేవారు. అన్నీ అయ్యాక అమ్మేవాడిని చివరగా ఒకటి అడిగేవారట. నాకు ఆ రోజే చెప్పారు.

"ఆడవాళ్ళు మేత వేస్తే మెదలకుండా ఉంటుందా అని అడిగేవాడినమ్మా. పొలంలో దున్నేది నేనే, కాదనను. కానీ నేను ఊరెళ్తే? జ్వరమొచ్చి పడుకుంటే? కట్టు విప్పి నీళ్ళకి తోలాల్సింది మీ అమ్మే కదా. ఎంత బలమైన ఎద్దయినా మీ అమ్మ చేతికి లొంగనిది నాకెందుకు? ఇంట్లో ఉండేవాళ్ళ చేతికి లొంగాలి. ముందు అది చూసుకో."

మా అమ్మ పోయి ఐదేళ్ళయింది. నలభై ఏళ్ళ కిందట సంతలో ఎడ్ల బేరం మధ్యలో నాన్న ఆవిడ గురించి ఆలోచించారని ఆవిడకి తెలుసో లేదో! అడగడానికి ఇప్పుడు మనిషి లేదు. ఆ రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు. పొద్దున లేచి మా వారితో, "షోరూముకి నేనూ వస్తాను" అన్నాను.

షోరూములో కుర్రాడు మర్యాదస్తుడే. కానీ మాట్లాడినంతసేపూ మా వారితోనే. తాళాలు ఆయనకే ఇచ్చాడు, ఎత్తు ఎంత సార్ అని ఆయన్నే అడిగాడు. నేను వెళ్ళి ఆ 850 మీద ఎక్కి కూర్చున్నాను. నా ఎత్తు ఐదడుగుల ఒక అంగుళం. హ్యాండిల్ అందుకోవాలంటే ముందుకి వాలిపోవాలి. మందపాటి చలి గ్లౌజులు ఇంటి నుంచి పట్టుకెళ్ళాను, వేసుకుని బ్రేకు లివరు నొక్కబోతే వేళ్ళ చివర్లే అందుతున్నాయి. దిగి, "ఇది కాదు" అన్నాను. కుర్రాడు మొదటిసారి నాతో మాట్లాడాడు.

అలా మూడు షోరూములు తిరిగి, పెద్దాయన దగ్గర పాఠాలు నేర్చుకుని, నాకు అర్థమైనవి చెబుతాను.

మంచు తోయడానికి బండి నాలుగు చక్రాలూ తిరిగేదై ఉండాలి. రెండు చక్రాలే తిరిగేవి ఆటలకి బావుంటాయి, మంచులో ఉన్నచోటే గిరగిరా తిరుగుతాయి. ఇంజను మరీ చిన్నదైతే, అంటే 300 సీసీ లోపుదైతే, మా లాంటి చోట తడి మంచుకి ఏడుస్తుంది. మరీ పెద్దది అక్కర్లేదు. 400 నుంచి 600 మధ్యవి ఇంటి వాకిలికి సరిపోతాయి. హోండా ఫోర్‌మన్, పొలారిస్ స్పోర్ట్స్‌మన్ 570 లాంటివి ఈ కోవలోవే. తోసేటప్పుడు కావాల్సింది వేగం కాదు, చక్రం పట్టు. ఆ పట్టు బండి బరువునీ టైర్లనీ బట్టి వస్తుంది. కావాలంటే వెనక రాక్ మీద ఇసక మూట కట్టుకోవచ్చు, చక్రాలకి గొలుసులు వేసుకోవచ్చు.

గేర్ల సంగతి. కొన్నిటికి మోటార్ సైకిల్లా గేర్లుంటాయి, కొన్ని మీట నొక్కితే మారతాయి. చాలావాటికి లోపల బెల్టు ఉంటుంది, గేర్లు మార్చే పని లేదు. బెల్టు బండి నాలాంటి వాళ్ళకి సుఖం. కానీ లో గేరు ఉన్నది చూసి కొనండి, తోసేటప్పుడు ఎప్పుడూ లోలోనే పెట్టండి. హైలో పెట్టి బరువు తోస్తే బెల్టు వేడెక్కి కాలిపోతుంది.

పవర్ స్టీరింగు. దీనికి కొంచెం ఎక్కువ డబ్బవుతుంది. మా వారు అనవసరమన్నారు. "మీరు రోజూ చపాతీపిండి కలపరు కాబట్టి అనవసరం" అన్నాను. ముందు బ్లేడు బరువు, కింద గడ్డకట్టిన నేల. హ్యాండిల్ తిప్పీ తిప్పీ నా మణికట్లు ఏం కావాలి? ఆడవాళ్ళు ఎవరైనా అడిగితే నేను మొదట చెప్పేది ఇదే, దీని దగ్గర పిసినారితనం వద్దు.

తర్వాత బ్లేడు. బండికి ఒక ఖర్చు, బ్లేడుకి ఇంకో ఖర్చు. అన్నిటికీ కలిపి లెక్క వేసుకోండి. కొత్తదైతే బండి ఒక్కటే ఏడెనిమిది వేల డాలర్లు ఎటూ పోవు. బ్లేడు, దాన్ని తగిలించే చట్రం, ఎత్తి దించే విన్చి ఇవన్నీ కలిపితే ఇంకో వెయ్యి పైనే. బ్లేడు వెడల్పు ఎంత అన్నదాని మీద మా ఇంట్లో పెద్ద వాదం. నేను అట్టపెట్టె ఒకటి కత్తిరించి, భోజనాల బల్ల మీద పెట్టి చూశాను. ఎందుకంటే బ్లేడుని నిటారుగా పెట్టి తొయ్యం కదా, మంచు పక్కకి జారాలని ఏటవాలుగా తిప్పుతాం. అలా తిప్పితే వెడల్పు తగ్గిపోతుంది. 60 అంగుళాల బ్లేడు 30 డిగ్రీలు తిప్పితే తీసేది 52 అంగుళాలే. ఈ సైజు బండి వెడల్పు 48 దాకా ఉంటుంది. కాబట్టి 60 సరిగ్గా సరిపోతుంది. 48 బ్లేడు కొంటే సగం చక్రం తీయని మంచు మీద నడుస్తుంది, 72 కొంటే మధ్య సైజు బండిని ఆ బరువే పక్కకి లాగేస్తుంది. అట్టముక్క తిప్పి చూపించాక మా వారు ఎక్సెల్ షీటు మూసేశారు.

విన్చికి ఇనప తీగ కాకుండా సింథటిక్ తాడు వేయించుకోండి. రోజుకి వందసార్లు అదే రెండడుగుల తాడు మీద బ్లేడు లేస్తూ దిగుతూ ఉంటుంది. ఇనప తీగ అక్కడే నలిగి పోగులు లేచిపోతుంది, చేతికి గుచ్చుకుంటుంది. విన్చి బ్యాటరీని తినేస్తుంది కూడా. నెమ్మదిగా నడిపేటప్పుడు ఇంజను అంత కరెంటు ఇవ్వలేదు. అందుకని షెడ్డులో చిన్న చార్జరు తగిలించి ఉంచుతాం. మాలాగా కంకర దారైతే బ్లేడు కింద రెండు ఇనప పాదాలుంటాయి, వాటిని కొద్దిగా దించుకుంటే బ్లేడు అర అంగుళం పైకుండి రాళ్ళని గీరదు.

ఏ కంపెనీ కొన్నారు అని మాత్రం అడక్కండి. నా చేతులు వేరు, మీ చేతులు వేరు. ఎక్కి కూర్చుని చూడండి. మీ గ్లౌజులు మీరే పట్టుకెళ్ళండి. మేం కొన్నది 500 తరగతిలో ఆరేళ్ళు వాడిన బండి, బ్లేడుతో సహా 5,800 డాలర్లు. ఆ రోజు సంతకం పెట్టేటప్పుడు ఎవరి పేరు మీద అని అడిగితే, మా వారు నన్ను చూపించారు.

ఇక్కడితో కథ అయిపోతే బావుండేది. ఆ ఏడు మొదటి మంచు పడిన రోజు తెల్లవారుజామున ఐదింటికి మెలకువ వస్తే పక్కన మనిషి లేరు. గుండె జారిపోయింది. పరుగెత్తుకెళ్ళి వరండా లైటు వేస్తే, పార పట్టుకుని మెట్ల ముందు నిలబడి ఉన్నారు. ఇంకా మొదలుపెట్టలేదు. నేను అరిచాను. మా పెళ్ళయిన ఇరవై రెండేళ్ళలో అలా ఎప్పుడూ అరవలేదు. ఆయన ఏమీ అనలేదు. కాసేపాగి, "నువ్వు చలిలో బండి తోలుతుంటే నేను దుప్పటి కప్పుకుని చూస్తూ ఉండాలా?" అన్నారు.

నాకు అప్పటిదాకా తట్టలేదు. నా భయం నాదే అనుకుంటూ వచ్చాను గానీ, ఆయనకీ ఒకటి ఉందని. ఇన్నేళ్ళూ ఈ ఇంట్లో బరువు ఎత్తే పని ఆయనది. నన్ను ఒక బియ్యం బస్తా కూడా కారులోంచి దింపనివ్వలేదు. ఆ పని పోతే చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు పాపం. ఏం చెప్పాలో తెలియక, "అయితే లైటు పట్టుకోండి. నాకు చీకట్లో దారి అంచు కనపడదు" అన్నాను. నిజంగానే కనపడదు. ఆయన టార్చి పట్టుకుని వరండాలో నిలబడ్డారు, నేను బండి తీశాను.

ఆ మొదటి రోజు నా ఘనకార్యాలు: ఒక గులాబీ పొద, పచ్చిక మీదకి తోసేసిన బుట్టెడు కంకర, గ్యారేజీ మూలకి ఒక గీత. రెండు గంటలు పట్టింది. అప్పుడే ఊరి ప్లౌ ట్రక్కు రోడ్డు మీద వచ్చి, మా దారి మొదట్లో మోకాలెత్తు గట్టు పోసి వెళ్ళిపోయింది. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే అదే. ఆ గట్టుని రోడ్డు మీదకి తోయకూడదు, మన వైపుకే లాక్కుని పక్కన పోసుకోవాలి. కళ్ళనీళ్ళు వచ్చాయి, చెంపల మీదే గడ్డకట్టాయి. కానీ అంతా అయ్యాక వెనక్కి తిరిగి చూస్తే రోడ్డు నుంచి గుమ్మం దాకా దారి. ఎవరైనా రావచ్చు. అంబులెన్సు రావచ్చు అని నాలో నేను అనుకున్నాను, రాకూడదని దణ్ణం పెట్టుకుంటూనే.

ఇప్పుడు ముప్పావుగంటలో అయిపోతుంది. కొన్ని కిటుకులు పట్టుబడ్డాయి. మొదటి మంచునే వీలైనంత దూరం తోసేయాలి. బద్ధకించి దారి అంచునే పోస్తే అది గడ్డకట్టి గోడవుతుంది, జనవరికల్లా దారి సన్నబడిపోయి తోయడానికి చోటుండదు. బరువు ఎక్కువైతే మొండిగా తోయకుండా బ్లేడు కొంచెం ఎత్తి, పైపొర ఒకసారి, కిందపొర ఒకసారి తీయాలి. ఇంటి ముందే కదా అని హెల్మెట్టు మానకూడదు. వెనకాల ఎవర్నీ ఎక్కించుకోకూడదు.

ఈ చివరి మాట దగ్గర మా వాడితో యుద్ధమే జరిగింది. అంత మోజుపడి కొన్న బండి, వాడిని ముట్టుకోనివ్వలేదు. పెద్ద ఏటీవీ పదహారేళ్ళ లోపు వాళ్ళు నడపకూడదని బండి మీదే అంటించి ఉంటుంది. "అమ్మా, నీకంటే నేనే పొడుగు, నీకంటే నేనే బాగా నడుపుతాను" అని వాదన. రెండూ నిజమే. అయినా ఒప్పుకోలేదు. కొండంత మనిషి వంగిపోవడం ఒకసారి చూసినదాన్ని, ఇంకోసారి చూసే ఓపిక నాకు లేదురా అని చెప్పాను. మూడు రోజులు మాట్లాడలేదు. నాలుగో రోజు ఆ వీడియో తీశాడు. కిందటి మేలో పదహారు నిండాయి, ఇప్పుడు శనివారాలు వాడివి.

మా వారికి కూడా ఒక పని కుదిరింది. అక్టోబరులో నేల గడ్డకట్టక ముందే దారికి రెండు వైపులా ఎర్రటి కర్రలు పాతుతారు, తలకి మెరిసే పట్టీలున్నవి. మంచులో దారి అంచు ఎక్కడుందో నాకు తెలియాలని. దూరం కొలిచి, తాడు కట్టి, ఎక్సెల్ షీటు పెట్టి మరీ పాతుతారు. రోజూ సాయంత్రం డాక్టరమ్మ చెప్పిన నడక ఆ కర్రల వెంటే, ఒరిగినదాన్ని సరిచేసుకుంటూ.

మొన్న చెకప్పులో డాక్టరమ్మ అంతా బాగుందంది. పార వద్దు గానీ బండి మీద కూర్చుని నడిపితే పర్లేదట. ఇంటికొచ్చి ఆ సంగతి ఏమీ ఎత్తలేదు ఆయన. నిన్న పొద్దున నాలుగంగుళాలు పడింది, తేలికపాటి పొడి మంచు. నేను గ్లౌజులు వేసుకుంటుంటే వెనకాల వచ్చి నిలబడి, కాస్త మొహమాటంగా అడిగారు.

"ఏమోయ్, నీ బండి ఒకసారి ఇస్తావా?"

తాళాలు ఇచ్చి, టార్చి నేను పట్టుకున్నాను.